హైబ్రిడ్ సైకిలుకి మెడ కొన్నారు

గుమ్మడిలంకలో ఎవరినైనా ఆపి, ఈ ఊళ్ళో బుర్ర ఉన్నవాళ్ళెవరయ్యా అని అడగండి. ఎవరూ నోరు మెదపరు. ఒక్క నూకరాజు మాత్రం ఎక్కడున్నా పరుగెత్తుకొస్తాడు. "మేమేనండీ!" అంటాడు. మేమంటే ఆయన, ఆయన పెళ్ళాం అచ్చాయమ్మ, ఆయన తమ్ముడు సూరిబాబు. ఇంట్లో ఉన్నది ఆ ముగ్గురే. ముగ్గురికీ కలిపి ఒక మనిషికి సరిపడా తెలివి ఉందా అంటే అదీ అనుమానమే. గర్వం మాత్రం తొమ్మిది మందికి సరిపోయేంత ఉంది.

"లోకమంతా ఒక మాట విని ఇంకోటి అర్థం చేసుకుంటుంది. అందుకే ఇన్ని గొడవలు," అనేవాడు నూకరాజు అరుగు మీద కూర్చుని. "మేం అలా కాదు. ఎదుటి మనిషి ఏ మాట అంటే ఆ మాటే వింటాం. దానికి తోక తగిలించం."

నిజమే, తగిలించరు. ఒకసారి పక్కింటావిడ పుట్టింటికి వెళ్తూ, "అచ్చాయమ్మా, మా ఇంటి మీద ఓ కన్నేసి ఉంచు," అంది. అంతే. అచ్చాయమ్మ మూడు రోజులపాటు ఒక కన్ను చేత్తో మూసుకుని, ఇంకో కన్నుతోనే ఆ ఇంటిని చూస్తూ కూర్చుంది. రెండో కన్ను తెరిస్తే మాట తప్పినట్టు కదా! మూడో రోజున ఎవరో పెరటి గోడ దూకి రెండు ఇత్తడి బిందెలు ఎత్తుకుపోయారు. అచ్చాయమ్మ చూడలేదు. ఆ వైపు కన్నే మూసి ఉంది మరి. పక్కింటావిడ వచ్చి లబోదిబోమంటే, "ఓ కన్నే కదమ్మా అడిగావు. రెండు కళ్ళు అడిగి ఉంటే బిందెలు దక్కేవి," అని ఆవిడకే బుద్ధి చెప్పింది.

ఇలాంటి ఇంటికి ఉద్యోగం వచ్చింది.

నూకరాజు కౌలుకి వేసిన అరటితోట ఆ ఏడు గోదారి వరదకి కొట్టుకుపోయింది. ఇల్లు గడవడం కష్టమైంది. ఆ సమయంలో ఒక విత్తనాల కంపెనీవాళ్ళు లంకల్లో తిరిగి మొక్కజొన్న, మిరప చేలు చూసి వివరాలు రాసుకొచ్చే మనిషి కావాలన్నారు. సూరిబాబుకి దస్తూరీ బాగుంటుంది. వాళ్ళు చూసింది దస్తూరీ ఒక్కటే. తీసేసుకున్నారు. పంపిన కాగితం మీద 'సూరిబాబు గారికి' అని రాశారు. ముప్ఫయ్యేళ్ళ బతుకులో అతణ్ణి గారు అన్నది ఆ కాగితం ఒక్కటే. దాన్ని మడతపెట్టి చొక్కా జేబులో పెట్టుకుని, గంటకోసారి తీసి చదువుకునేవాడు.

కంపెనీ ఆఫీసరు కుటుంబరావు గారు స్వయంగా వచ్చి సైకిలు అప్పగించారు. నల్లగా నిగనిగలాడుతోంది. "ఇది హైబ్రిడ్ సైకిలు. తారు రోడ్డు మీద జోరుగా పోతుంది, గట్ల మీద మట్టిలోనూ పోతుంది. వచ్చే సోమవారం మళ్ళీ వస్తాను. అప్పటికి సైకిలు ఇలాగే ఉండాలి. పాడుచేశావంటే ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేస్తాను," అన్నారు.

ఆయన అటు వెళ్ళారో లేదో అచ్చాయమ్మ గంపెడు పెంట తెచ్చి రెండు చక్రాల మొదట్లో పోసింది. పైన గుప్పెడు యూరియా చల్లింది. రెండు బిందెల నీళ్ళు పోసింది.

"ఏంటి వదినా ఇది?" అన్నాడు సూరిబాబు.

"హైబ్రిడ్ అన్నారు కదా నాయనా. హైబ్రిడ్‌కి ఎరువు వెయ్యకపోతే ఏపుగా రాదు. కాపు బాగా కాస్తే నీకోటి, మీ అన్నయ్యకోటి, నాకో చిన్నది."

ముగ్గురూ మురిసిపోయారు. పొద్దున్నే లేచి చూస్తే పిల్ల సైకిళ్ళు ఏవీ రాలేదు గానీ చక్రాల నిండా కోళ్ళు గీకిన పెంట ఉంది. "నాటిన మర్నాడే కాస్తుందా? ఓపిక ఉండాలి," అన్నాడు నూకరాజు. సూరిబాబు సైకిలు కడుక్కుని పనికి బయల్దేరాడు.

బయల్దేరే ముందు ఆఫీసరు గారు చెప్పిన ఇంకో మాట గుర్తొచ్చింది. 'గట్ల మీద జాగ్రత్త. ఏం జరిగినా హ్యాండిలు వదలకు.' అంతే. రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆ తర్వాత ఇక వదల్లేదు. చేలు చూశాడు గానీ పుస్తకంలో ఒక్క అక్షరం రాయలేదు. రాయాలంటే చెయ్యి వదలాలి కదా. ముక్కు మీద ఈగ వాలితే ఊపిరితో ఊదుకున్నాడు. కాలవ గట్టు మీద ఎదురుగా గేదె వచ్చింది. బెల్లు కొట్టాలంటే వేలు కదపాలి. కదిపితే పట్టు సడలుతుంది. గేదె తప్పుకోలేదు. ఇతనూ తప్పుకోలేదు.

ఇంకేముంది! సైకిలుతో సహా కాలవలో పడ్డాడు. పడేటప్పుడు హ్యాండిలు రేవు మెట్టుకి ఠంగున తగిలింది. మామూలు మనిషైతే సైకిలు వదిలి గట్టెక్కేవాడు. మనవాడు గుండెల లోతు నీళ్ళలో హ్యాండిలు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. గంట గడిచింది. ఎవరో చెప్తే నూకరాజు పరుగున వచ్చాడు.

"ఒరేయ్ తమ్ముడూ, పైకి రారా!"

"ఎలా రాను అన్నయ్యా? ఏం జరిగినా వదలొద్దన్నారు."

"ఇప్పుడు ఏదైనా జరిగిందా?"

"జరిగింది. కాలవలో పడ్డాను."

"అయితే వదలకు. మాట మాటే," అని నూకరాజు కూడా దిగి హ్యాండిలుకి ఇంకోవైపు పట్టుకున్నాడు. అన్నదమ్ములిద్దరూ సాయంత్రం దాకా అలాగే నాని ఉండేవారు గానీ, గేదెలు కాసేవాళ్ళు నవ్వి నవ్వి, తాడు వేసి, సైకిలుతో సహా ఇద్దర్నీ గట్టు మీదికి లాగారు.

ఊళ్ళో సైకిళ్ళు బాగుచేసేది దావీదు మేస్త్రి. ముక్కు మీద కోపం, చేతిలో పని ఉన్న మనిషి. సైకిలు వంచి చూశాడు. హ్యాండిలు అటూ ఇటూ ఊగిపోతోంది.

"దీని మెడ విరిగింది. మార్చాలి," అన్నాడు. అని ఎవరో పంక్చరుకి పిలిస్తే అటు వెళ్ళాడు.

అచ్చాయమ్మ ఒక్కసారిగా ఏడుపు అందుకుంది. "మెడ విరిగిందా? ఇంకేం బతుకుతుందండీ! నిన్నటిదాకా నిక్షేపంలా ఉండేదే!" ముగ్గురూ సైకిల్ని పదిలంగా ఇంటికి మోసుకొచ్చి మంచం మీద పడుకోబెట్టారు. మెడకి పసుపూ సున్నం పట్టించి, వెదురు బద్దలు పెట్టి, పాత చీరతో కట్టు కట్టారు. చలి వెయ్యకుండా దుప్పటి కప్పారు. సీటు పీకి, ఆ గొట్టంలో గోరువెచ్చని గంజి పోసింది అచ్చాయమ్మ. "గుటక వేస్తోంది," అని సంతోషించింది కూడా. అలా రెండు రోజులు. మంచం పట్టిన మనిషి దగ్గర ఎవరో ఒకరుండాలని సూరిబాబు పనికి కూడా వెళ్ళలేదు.

శుక్రవారం దావీదు అటుగా వెళ్తూ, సైకిలు ఏం చేశారని లోపలికి తొంగిచూశాడు. దుప్పటి కింద నుంచి రెండు చక్రాలు కనిపించాయి. గొట్టం అడుగు నుంచి గంజి బొట్లు బొట్లుగా కారుతోంది.

"నూకరాజూ," అన్నాడు దావీదు, "మీ ముగ్గురికీ ఆ పైన ఉన్నది తలకాయేనా, కొబ్బరికాయా?"

"తలకాయే మేస్త్రీ," అన్నాడు నూకరాజు మర్యాదగా, తడుముకుని చూసుకుని మరీ.

దావీదు కట్టు ఊడదీసి, హ్యాండిల్నీ ముందు చక్రం తాలూకు గొట్టాన్నీ కలిపే ఇనప ముక్కని విప్పి చేతిలో పెట్టాడు. దాని నడుమ నిలువుగా పగులు. "మెడంటే ఇది. షాపులో స్టెమ్ము అంటారు. మామూలు సైకిలుది దీనికి పట్టదు. నా దగ్గర లేదు. రేపు అమలాపురం వెళ్ళండి. సోమవారం లోగా బిగించకపోతే ఆ ఉద్యోగం గోదాట్లో కలిసినట్టే."

ఆ మాటకి సూరిబాబు జేబులో కాగితం తడుముకున్నాడు. అతని మొహం చూసి దావీదుకి కూడా జాలేసింది. కూర్చోబెట్టి విడమర్చి చెప్పాడు.

"వినండి. గట్టిది కావాలని అడగండి. హ్యాండిల్ని పట్టే చోట నాలుగు బోల్టులున్నది అయితే జారదు. పొడవు ఎక్కువైతే సూరిబాబు నడుం వంగిపోతుంది, తక్కువైతే మలుపులో మోకాలు తగుల్తుంది. అందుకని పాతది పట్టుకెళ్ళండి. కొత్తది అచ్చం దీనిలాగే ఉండాలి, వెంట్రుకవాసి తేడా ఉండకూడదు. ఖరీదువి చూపిస్తారు. మనకి అందుబాటులో ఉన్నదే తీసుకోండి. ధర దించమనండి. షాపువాడు చెప్పిన ప్రతిదానికీ తల ఊపకండి. వెళ్ళండి."

చెప్పింది బంగారంలాంటి సలహా. విన్నది ఎవరు? ఈ ముగ్గురు.

శనివారం పొద్దున్నే అచ్చాయమ్మ సూరిబాబు వీపుకి ఒక వెదురు కర్ర నిలువునా పెట్టి, తలకీ నడుముకీ తాడుతో బిగించి కట్టేసింది. తల ఊగకుండా. ఉద్యోగం అతనిది కాబట్టి ముఖ్యంగా ఊగకూడనిది అతని తలే అని ముగ్గురూ ఆలోచించి తేల్చారు. బస్సులో ఒక ముసలాయన లేచి చోటిచ్చాడు.

"అయ్యో పాపం, మెడ విరిగిందా బాబూ?"

"విరిగిందండి."

"ఎలా విరిగింది?"

"కాలవలో పడి. కానీ నాది కాదండి, సైకిలుది."

ముసలాయన తన చోటులో తాను మళ్ళీ కూర్చున్నాడు.

అమలాపురంలో పెద్ద సైకిళ్ళ షాపు. యజమాని సోమలింగం గారు గల్లాపెట్టె ముందు కూర్చుని పేపరు చదువుకుంటున్నారు. నూకరాజు గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకుని, ఊరు అదిరిపోయేలా అరిచాడు:

"స్టెమ్ము కావాలీ!"

సోమలింగం గారి చేతిలో పేపరు ఎగిరిపడింది. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగిపోయారు. "మెల్లిగా అడగవయ్యా! చెవుడు లేదు నాకు."

"గట్టిదే అడగమన్నారండీ మా మేస్త్రి! మెల్లిగా అడిగితే మెత్తటిది ఇచ్చేస్తారు!" అని అచ్చాయమ్మ అంతకన్నా గట్టిగా అరిచింది.

సోమలింగం గారు చెవులు మూసుకుని, పాతది చూసి, ఎత్తు అరలో ఉన్న ఒకదాన్ని వేలితో చూపించారు. "అదిగో. నాలుగు బోల్టులది. కొలత అదే, ఖరీదు కూడా ఎక్కువ లేదు. మీకు సరిగ్గా సరిపోతుంది."

అచ్చాయమ్మ కౌంటరు దగ్గర నిలబడి చెయ్యి పైకి చాపింది. మునివేళ్ళ మీద లేచింది. అందలేదు. "వద్దండి. అందుబాటులో లేదు," అంది.

"ధర చూడకుండానే అందుబాటులో లేదంటావేంటమ్మా?"

"ధరెందుకండీ, కళ్ళకి కనపడుతోందిగా. ఇదిగో, చెయ్యి అందట్లేదు."

సోమలింగం గారు ముప్ఫయ్యేళ్ళుగా వ్యాపారంలో ఉన్నారు. ఎదురుగా ఉన్నది ఏ రకం సరుకో ఆయనకి అప్పటికి అర్థమైంది. స్టూలు ఎక్కి ఆ స్టెమ్ము తీసి, అచ్చాయమ్మ చేతికి అందించారు. "ఇప్పుడు అందిందా?" "అందిందండి," అంది ఆవిడ. సంతోషంగా మొగుడి వంక చూసింది.

"అయితే ధర దించండి," అన్నాడు నూకరాజు.

సోమలింగం గారు గోడకి తగిలించి ఉన్న ధర చీటీ తీసి కౌంటరు మీద పెట్టారు.

"ఇంకా దించాలి."

స్టూలు మీద పెట్టారు.

"ఇంకా."

నేల మీద పెట్టారు. "ఇదిగో, ఇంతకన్నా దించాలంటే గొయ్యి తవ్వాలి."

"చాలు చాలు, మరీ అన్యాయం చెయ్యం," అని నూకరాజు జేబులోంచి డబ్బు తీసి చేత్తో పట్టుకున్నాడు. ఎంత బేరమాడామో అనుకుని ముగ్గురికీ ఛాతీలు ఉబ్బిపోయాయి. సూరిబాబు తల ఊపి మెచ్చుకుందామనుకున్నాడు గానీ కర్ర ఊపనివ్వలేదు.

అక్కడితో ఇంటికి వచ్చేసి ఉంటే ఈ కథే లేదు. నూకరాజుకి ఒక అనుమానం వచ్చింది. "ఇది గట్టిదేనంటారా?"

"బండరాయిలా ఉంటుంది. అనుమానముంటే కొట్టి చూసుకో," అన్నారు సోమలింగం గారు, ఎలాగైనా వీళ్ళు పోతే చాలనుకుని.

అంతే. నూకరాజు స్టెమ్ముని పైకెత్తి కౌంటరు అద్దం మీద ఒక్క దెబ్బ వేశాడు. అద్దం భళ్ళున పగిలింది. లోపలున్న బెల్లులూ, బోల్టులూ, రంగురంగుల పూసలూ షాపంతా దొర్లాయి. నూకరాజు స్టెమ్ముని ఎత్తి చూశాడు. చిన్న గీత కూడా పడలేదు. "గట్టిదేనండీ! మీరు అబద్ధం చెప్పలేదు," అని సోమలింగం గారిని మెచ్చుకున్నాడు.

సోమలింగం గారి మొహం కందగడ్డలా ఎర్రబడింది. "పొండి! అది పట్టుకుని పొండి! మళ్ళీ జన్మలో నాకు మీ మొహాలు చూపించకండి!"

ముగ్గురూ బిక్కచచ్చిపోయి బయటపడ్డారు. వీధి మలుపు దాకా వెళ్ళాక నూకరాజు చేతిలో డబ్బు అలాగే ఉండటం కనిపించింది. ఇవ్వనే లేదు! మేం మోసగాళ్ళం కాదు, వెనక్కి వెళ్ళి ఇచ్చెయ్యాలి అనుకున్నారు. కానీ మొహాలు చూపించొద్దన్నారే? అక్కడే నడిరోడ్డు మీద నిలబడి ఆలోచించారు. అచ్చాయమ్మకే తట్టింది. "వీపు చూపించొద్దని అన్లేదుగా!"

ఇంకేముంది! ముగ్గురూ వెనక్కి తిరిగి, వెనక్కి వెనక్కి నడుచుకుంటూ షాపు వైపు వచ్చారు. ముందు సూరిబాబు, వీపున కర్రతో. షాపు ముందు కొత్త సైకిళ్ళు వరసగా నిలబెట్టి ఉన్నాయి. సూరిబాబు వెదురు కర్ర కింది కొస మొదటి సైకిలు చక్రంలో దూరింది. అతను ఒక్క గుంజు గుంజాడు. మొదటిది రెండోదాని మీద పడింది, రెండోది మూడోదాని మీద. అలా చివరిదాకా, ధడధడధడమని. చివరి సైకిలు పక్కనున్న సోడా బండి మీద పడింది. సోడాలు ఒకటొకటే పేలుతుంటే నూకరాజు వీపు షాపు వైపు పెట్టి, వెనక్కి చెయ్యి చాపి, "డబ్బు తీసుకోండి బాబూ, మొహం చూపించట్లేదు," అంటున్నాడు.

సోమలింగం గారు డబ్బు తీసుకోలేదు. రెండు చేతులూ జోడించి, "వద్దు నాయనా. మీరు వెళ్ళిపోవడమే పదివేలు," అన్నారు.

"చూశారా," అన్నాడు నూకరాజు బస్సులో. "మన మర్యాదకి కరిగిపోయి ఊరికే ఇచ్చేశాడు."

ఇల్లు చేరాక కొత్తదాన్నీ పాతదాన్నీ పక్కపక్కన చాప మీద పెట్టుకుని చూశారు. రంగు అదే. పొడవు అదే. బోల్టులు నాలుగూ ఉన్నాయి. సూరిబాబు జేబులో కాగితం తీసి ఒకసారి చదువుకుని, "సోమవారానికి అంతా సిద్ధం అన్నయ్యా," అన్నాడు. అతను అలా నవ్వి చాలా రోజులైంది.

అప్పుడు అచ్చాయమ్మ గుండెల మీద చెయ్యి వేసుకుంది. "ఏవండీ! అచ్చం పాతదానిలాగే ఉండాలన్నాడు కదా మేస్త్రి. దీనికి ఇక్కడ పగులుంది. దానికి లేదు!"

వెంట్రుకవాసి తేడా ఉండకూడదన్నాడు, ఇది వేలెడు తేడా! మళ్ళీ అమలాపురం వెళ్ళే దారి లేదు. సూరిబాబు కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు. "నా ఉద్యోగం పోయినట్టేనా వదినా?"

"నేనుండగా పోనిస్తానా?" అని నూకరాజు లేచాడు. ఇనప పని చేసేవాళ్ళ దగ్గర సుత్తీ ఉలీ అరువు తెచ్చాడు. పాతదాన్ని పక్కన పెట్టుకుని, దారంతో కొలిచి, సుద్దతో గీత గీసి, కొత్తదాన్ని సరిగ్గా అక్కడే కొట్టడం మొదలుపెట్టాడు. అది మామూలుగా పగిలే సరుకు కాదు. గట్టిది. నూకరాజుకి చేతులు బొబ్బలెక్కాయి. అచ్చాయమ్మ పట్టుకుంది, సూరిబాబు కొట్టాడు. సూరిబాబు పట్టుకున్నాడు, అచ్చాయమ్మ కొట్టింది. మూడు గంటలు చెమటలు కక్కుతూ మొత్తానికి పగలగొట్టారు. పాతదానికి ఉన్నచోటే, ఉన్నంతే. దారం పెట్టి మళ్ళీ కొలిచారు. వెంట్రుకవాసి తేడా లేదు.

ఆదివారం పొద్దున్నే దావీదు చేతిలో పెట్టారు.

దావీదు ఒక చేతిలో పాత పగులు, ఇంకో చేతిలో కొత్త పగులు పట్టుకుని కూర్చున్నాడు. "ఎవడు ఇచ్చాడు మీకు ఇది?"

"ఇచ్చినప్పుడు బాగాలేదు మేస్త్రీ. మేమే సరిచేశాం," అన్నాడు నూకరాజు. బొబ్బలెక్కిన చేతులు చూపించాడు.

దావీదు వాళ్ళని తిట్టలేదు. తిట్లకి కూడా ఒక అర్హత ఉండాలి. చొక్కా వేసుకుని తనే బస్సెక్కాడు. బస్సెక్కబోతూ ఒక్క మాట అన్నాడు: "నేను వచ్చేదాకా మీరు ఇంట్లో దేన్నీ ముట్టుకోకండి."

అమలాపురంలో గుమ్మడిలంక అనగానే సోమలింగం గారు లేచి నిలబడ్డారు. స్టెమ్ము ఇచ్చి, "ఇది కూడా ఊరికే తీసుకోండి. వాళ్ళని మాత్రం రానివ్వకండి. మీ కాళ్ళు పట్టుకుంటాను," అన్నారు. దావీదు సాయంత్రం వచ్చేసరికి ముగ్గురూ నట్టింట్లో చేతులు పైకెత్తి నిలబడి ఉన్నారు. పిల్లి వాళ్ళ ఎదురుగానే చేపల పులుసు గిన్నె ఖాళీ చేసి మూతి తుడుచుకుంటోంది. పొయ్యి మీద అన్నం మాడి బొగ్గయింది. పొద్దుటి నుంచి మంచినీళ్ళు కూడా ముట్టుకోలేదు.

"పిల్లినైనా తోలొచ్చు కదమ్మా!" అన్నాడు దావీదు.

"ముట్టుకోవద్దన్నారు కదండీ," అంది అచ్చాయమ్మ నీరసంగా.

దావీదు అచ్చం కొలతకి సరిపోయిన ఆ కొత్త మెడని బిగించాడు. నాలుగు బోల్టులూ సమంగా తిప్పాడు. హ్యాండిలు చక్రానికి సూటిగా ఉందో లేదో ఒక కన్ను మూసి చూసుకున్నాడు. గంజి వాసన పోయేదాకా గొట్టాలు కడిగాడు. సైకిలు కొత్త పెళ్ళికొడుకులా తయారైంది. "ఇక మీరు నాతో మాట్లాడొద్దు," అని వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి ఇవాళ్టి వరకూ వాళ్ళు అతనితో మాట్లాడలేదు. ఆ ఒక్క ఆజ్ఞ విషయంలో దావీదు చాలా సుఖపడ్డాడు.

సోమవారం కుటుంబరావు గారు వచ్చారు. సైకిలు అటూ ఇటూ తిప్పి చూశారు. హ్యాండిలు పట్టుకుని ఊపారు. బిగుసుకుని ఉంది.

"భేష్!" అన్నారు ఆయన. "ఇచ్చినదానికన్నా బాగుంది. పని ఇక నీదే సూరిబాబూ. వారం రోజుల్లో పన్నెండు లంకలూ చుట్టి వివరాలు రాసుకుని రావాలి. ఇంత మంచి సైకిల్ని నెత్తిన పెట్టుకుని చూసుకోవాలి. తెలిసిందా?"

"తెలిసిందండి!" అన్నాడు సూరిబాబు. నూకరాజు తమ్ముణ్ణి కావలించుకున్నాడు. అచ్చాయమ్మ దిష్టి తీసింది. ఎంత తెలివైన ఇల్లో తమది, ఎంత గండం దాటామో అనుకుని ముగ్గురూ ఆ పూట పాయసం వండుకుని తిన్నారు.

నాలుగో రోజున కుటుంబరావు గారు మోటారు సైకిలు మీద ఏటిగట్టున పోతుంటే ఎదురుగా ఒక వింత కనిపించింది. తలపాగా చుట్టుకుని, ఆ తలపాగా మీద సైకిలు పెట్టుకుని, ఎండలో వగరుస్తూ ఒక మనిషి నడిచి వస్తున్నాడు. వెనకాల ఇంకొకడు చక్రం పట్టుకుని సాయం చేస్తున్నాడు. దగ్గరికొచ్చేసరికి ఆ ఇద్దరూ అన్నదమ్ములు.

"ఏంటయ్యా ఇది?" అన్నారు ఆయన బండి ఆపి. "ఎన్ని లంకలు చూశావు?"

"మొదటి లంకకే వెళ్తున్నామండి," అన్నాడు సూరిబాబు. మెడ నరాలు తాళ్ళలా ఉబ్బి ఉన్నాయి. "నెత్తిన పెట్టుకుని చూసుకోమన్నారు కదండి. పెట్టుకోవడం వస్తోంది గానీ చూసుకోవడం కుదరట్లేదు. నెత్తి మీద ఉన్నది కంటికి ఎలా కనపడుతుందండి? అందుకే అన్నయ్యని తెచ్చుకున్నాను. నేను పెట్టుకుంటున్నాను, ఆయన చూస్తున్నాడు."

కుటుంబరావు గారికి కోపంతో మాట తడబడింది. "దించు! ముందు దాన్ని కిందికి దించు! సైకిలు ఇచ్చింది మొయ్యడానికా? కాళ్ళతో తొక్కు! కాళ్ళతో!"

ఇద్దరూ సైకిల్ని కిందికి దించారు. సూరిబాబు సీటు మీద చెయ్యి వేశాడు. నూకరాజు ఆపాడు.

"ఆగరా. తొక్కమంటే ఎక్కి వెళ్ళడమని ఎవడికైనా తెలుసు. సారు కాళ్ళతో అన్నారు. ఒకసారి కాదు, రెండుసార్లు. అంత పెద్ద ఆఫీసరు ఊరికే అంటారా?"

సూరిబాబుకి అన్నయ్య బుర్ర మీద గౌరవం పొంగిపోయింది. అంతే. ఇద్దరూ కలిసి సైకిల్ని గట్టు మీద పక్కకి పడుకోబెట్టారు. చెప్పులు విడిచారు. పంచెలు ఎగ్గట్టారు. అన్న వెనక చక్రం మీదికి, తమ్ముడు ముందు చక్రం మీదికి ఎక్కి, భుజాలు పట్టుకుని ధబధబా తొక్కడం మొదలుపెట్టారు. ఊచలు టప్‌టప్‌మని తెగాయి. చక్రాలు అప్పడాల్లా వంకర తిరిగాయి. మడ్‌గార్డు చిట్లి ఏట్లోకి ఎగిరింది. కుటుంబరావు గారు నోరు తెరిచినవారు తెరిచినట్టే నిలబడిపోయారు.

సూరిబాబు చెమటలు తుడుచుకుంటూ, ఎగురుతూనే, ఆయన వంక వినయంగా చూశాడు.

"సార్, చాలాండి? ఇంకాసేపు తొక్కమంటారా?"